యుద్ధ చిత్రాలన్నీ గెలిచినవాడి అబద్ధాలేనా?

కొన్ని వారాలుగా విజయనగరం, బొబ్బిలి, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: యుద్ధాన్ని చూపించే చిత్రాలు, శిల్పాలు అన్నీ గెలిచినవాడు డబ్బిచ్చి చేయించుకున్న అబద్ధాలు; వాటిని గీసినవాళ్ళెవరూ యుద్ధం చూడలేదు; కెమెరా వచ్చాక, ముఖ్యంగా డ్రోన్ వీడియోలు వచ్చాక వాటికి విలువ పోయింది; మనవాళ్ళకు ఎలాగూ యుద్ధాన్ని చూపించే కళ లేదు, ఉన్నవన్నీ దేవతల యుద్ధాలే; ఏ బొమ్మా ఏ యుద్ధాన్నీ ఆపలేదు; కనుక బడిలో పిల్లలకు వీటిని చూపించడం కాలం వృథా. నేను విజయనగరంలో పిల్లలకు చిత్రలేఖనం చెప్పే మాస్టారిని. ఈ పోస్టును నాకు పంపినవారిలో నా దగ్గర బొమ్మలు నేర్చుకుని వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళే నమ్మారంటే ఇంకెందరు నమ్మి ఉంటారో! అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

గెలిచినవాడి అబద్ధాలన్న మాటతో మొదలుపెడతాను. అలాంటి చిత్రాలు లేవని నేననను. మన ప్రాంతంతో నేరుగా ముడిపడిన ఒకటి నేనే చూపిస్తాను. 1765 ఆగస్టు 12న అలహాబాదులో మొగలు చక్రవర్తి షా ఆలం బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీని, అంటే పన్నులు వసూలు చేసే హక్కును, ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. మన కోస్తా ప్రాంతమైన ఉత్తర సర్కారులను కంపెనీకి రాసిచ్చిన ఫర్మానా (రాజాజ్ఞ) తేదీ కూడా అదే. అంటే మన చికాకోలు (శ్రీకాకుళం) సర్కారు కాగితం మీద చేతులు మారింది ఆ రోజే. ఆ దివానీ ఘట్టాన్ని బెంజమిన్ వెస్ట్ అనే చిత్రకారుడు పెద్ద చిత్రంగా గీశాడు. ఎత్తైన సింహాసనం, దర్జాగా పత్రం అందిస్తున్న చక్రవర్తి, మర్యాదగా అందుకుంటున్న కంపెనీ గవర్నరు క్లైవు. వెస్ట్ భారతదేశంలో అడుగే పెట్టలేదు. అసలు ఆ కార్యక్రమం జరిగింది క్లైవు డేరాలో. సింహాసనంగా వాడినది భోజనాల బల్ల మీద ఎక్కించిన ఒక కుర్చీ. బక్సారు యుద్ధంలో కంపెనీ చేతిలో ఓడి, వేరే దిక్కులేక కంపెనీ నీడన చేరిన చక్రవర్తి చేసిన సంతకాన్ని ఆ చిత్రం ఇష్టపూర్వకమైన దానంగా మార్చేసింది.

ఇంతవరకు పోస్టు రాసినవారితో నాకు పేచీ లేదు. ఈ ఒక్క రకాన్ని చూసి మిగతా అన్నింటినీ అదే గాటన కట్టడం దగ్గర మాత్రం ఒప్పుకోను. అందుకు దూరం వెళ్ళనక్కరలేదు, బొబ్బిలి చాలు.

1757 జనవరి 24న బుస్సీ నడిపించిన ఫ్రెంచి సేన, విజయనగర ప్రభువు విజయరామరాజు బలగాలు కలిసి బొబ్బిలి కోట మీద పడ్డాయి. కోట ఇక నిలవదని తేలాక లోపల ఉన్న స్త్రీలు, పిల్లలు శత్రువుకు చిక్కకుండా తమవారి చేతుల్లోనే ప్రాణాలు విడిచారు. రాజా రంగారావు పోరులో నేలకొరిగాడు. ఆ తరవాత కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు డేరాలోకి చొరబడి విజయరామరాజును చంపాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759లో మచిలీపట్నంలో ఓడిపోయి ఫ్రెంచివారు ఈ తీరం మీద పట్టు పోగొట్టుకున్నారు. మరి ఈ యుద్ధానికి మన కళ్ళకు కనబడే రూపం ఇచ్చినదెవరు? పాత కోట ఉన్న చోట నిలిచిన స్మారక స్తంభం 1891లో బొబ్బిలి రాజావారు కట్టించినది. ఓడిన కోటకు వారసులు, 134 ఏళ్ళ తరవాత. 1964లో ఒకసారి, 1986లో ఇంకోసారి వెండితెరకెక్కింది కూడా ఓడినవారి కథే. పాపారాయుడు అనగానే మన కళ్ళ ముందుకు వచ్చే ఆ మీసం, ఆ చూపు ఎస్వీ రంగారావుగారివి, కృష్ణంరాజుగారివి. మా విజయనగరం వాళ్ళు కూడా ఆ సినిమాలు చూసి కళ్ళు తుడుచుకున్నది బొబ్బిలి కోసమే. బుస్సీ గెలుపును గోడ మీద పెట్టుకున్న ఇల్లు ఒక్కటి చూపించండి.

పద్మనాభం దగ్గరా అంతే. 1794 జులై 10న కంపెనీ సేనలను ఎదిరించి ప్రాణాలు విడిచిన విజయనగర రాజు చిన విజయరామరాజుకు అక్కడ స్మారకం ఉంది. ఆ రోజు గెలిచిన ప్రెండర్‌గాస్ట్ పేరు మన పిల్లల్లో ఎవరికి తెలుసు?

ఇంకా వెనక్కి వెళితే కళింగ యుద్ధం ఉంది. నేటి శ్రీకాకుళం ఆనాటి కళింగలో భాగమే. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా. అక్కడి జౌగడలోను, భువనేశ్వర్ పక్కన ఉన్న ధౌలిలోను అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని ఊళ్ళ నుంచి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది పోయారని అశోకుడు తన 13వ శిలాశాసనంలో బాధపడుతూ చెప్పాడు. ఆ శాసనం మన ఎర్రగుడిలో ఉంది, గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, ఎక్కడో వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది. యుద్ధం జరిగిన కళింగలో మాత్రం లేదు. అక్కడ దాని బదులు ప్రజలను నా బిడ్డల్లా చూడండని అధికారులను ఆదేశించే శాసనాలు వేయించాడు. ధౌలి బండ మీద ఒక ఏనుగు ముందుభాగం రాతిలోంచి నడిచి వస్తున్నట్టు చెక్కి ఉంది. కత్తి లేదు, బందీలు లేరు, పడిపోయిన శత్రువు లేడు. రోములో ట్రాజన్ చక్రవర్తి 113లో నిలబెట్టించిన స్తంభం మీద ఆయన జయించిన డేషియన్ల ఓటమి కింది నుంచి పైదాకా చుట్టలు చుట్టుకుంటూ సాగుతుంది. గెలిచిన ప్రతి రాజూ అదే చేస్తాడని అనుకునేవారు ధౌలి ఏనుగు ముందు కాసేపు నిలబడి ఆలోచించాలి. తన సేన నరికిన ఊళ్ళ మధ్య తన గెలుపును రాతిలో చెక్కించడానికి ఆయనకు మనసు రాలేదని నేను అర్థం చేసుకుంటాను. ఇంకెవరైనా వేరే అర్థం చెప్పవచ్చు, కాని అక్కడ యుద్ధ దృశ్యం లేదన్నది కళ్ళకు కనబడే విషయం.

గీసినవాళ్ళెవరూ యుద్ధం చూడలేదన్న మాటకు జవాబు చిన్నదే. స్పెయిన్ చిత్రకారుడు గోయా, నెపోలియన్ సేనలు తన దేశాన్ని ఆక్రమించిన రోజుల్లోను, ఆ తరవాతా రాగి పలకల మీద యుద్ధ ఘోరాలను చెక్కాడు. ఒక పలక కింద ‘నేను చూశాను’ అని రాసుకున్నాడు. వాటిని ఎవరూ డబ్బిచ్చి చేయించలేదు. ఆయన బతికుండగా అవి బయటికే రాలేదు. 1828లో ఆయన పోయాడు, 1863లో అవి పుస్తకంగా అచ్చయ్యాయి. జర్మనీ చిత్రకారుడు ఒట్టో డిక్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో మెషిన్‌గన్ పట్టిన సైనికుడు, కందకాల్లో బతికి వచ్చినవాడు. 1924లో ఆయన వెలువరించిన 50 ముద్రణ చిత్రాల్లో వీరుడనేవాడు కనబడడు. ఉన్నది బురద, పురుగులు, విషవాయువు. రష్యా చిత్రకారుడు వెరెష్చాగిన్ పుర్రెల గుట్టను గీసి, దాన్ని గత, వర్తమాన, భవిష్యత్ మహా విజేతలందరికీ అంకితమిచ్చాడు. 1904లో జపాను యుద్ధాన్ని గీయడానికి వెళ్ళి, తానున్న యుద్ధనౌకతో పాటే మునిగిపోయాడు. ఇంతకన్నా దగ్గరగా చూడడం ఎలాగో నాకు తెలియదు.

ఇక కెమెరా సంగతి. పోస్టులో జనం ఎక్కువగా నమ్ముతున్న మాట ఇదేనని నా అనుమానం. ఫోటో అబద్ధం చెప్పదు, బొమ్మ చెబుతుంది అని.

యుద్ధాన్ని ఫోటో తీయడం మొదలైన తొలి రోజుల్లోనే, 1855లో, క్రిమియా యుద్ధంలో రోజర్ ఫెంటన్ ఒకే చోట నిలబడి ఒకే లోయను రెండుసార్లు తీశాడు. ఒకదానిలో ఫిరంగి గుండ్లు పక్కన గుంటలో ఉన్నాయి, రెండోదానిలో దారి నిండా పరుచుకుని ఉన్నాయి. మన దేశంలో ఇంకా దారుణం. 1857 నవంబరులో లక్నోలోని సికందర్ బాగ్‌లో కంపెనీ సేనలు దాదాపు రెండు వేల మంది తిరుగుబాటు సిపాయిలను చంపాయి. నెలల తరవాత ఫెలీస్ బియాటో అక్కడికి వచ్చి తీసిన ఫోటోలో వాకిలి నిండా పుర్రెలు, ఎముకలు కనిపిస్తాయి. అవి ఫోటో కోసం బయటికి తీసి పరిచినవేనని చరిత్రకారులు చెబుతారు. చనిపోయినవాళ్ళు మనవాళ్ళు. వాళ్ళ ఎముకలను అలంకరణ సామానులా సర్దించిన కెమెరా కూడా గెలిచినవాడిదే. వెస్ట్ చిత్రాన్ని అబద్ధమని కొట్టిపారేసేవారు ఈ ఫోటోను ఏమంటారు?

డ్రోన్ వీడియో సంగతి ఇంకా స్పష్టం. అందులో కెమెరా ఎక్కడుంది? బాంబు వేసేవాడి దగ్గర. 1991 గల్ఫ్ యుద్ధంలో టీవీల్లో చూపించిన దృశ్యాలు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. పైనుంచి బూడిదరంగు భవనం, మధ్యలో అడ్డుగీతల గురి, తరవాత పొగ. మనిషి కనబడడు. ఇప్పటి డ్రోన్ దృశ్యాల్లో మనిషి కనబడినా చీమంత కనబడతాడు. చూసేవాడు ఎటువైపు నిలబడాలో ఆ వీడియో ముందే తేల్చేస్తుంది.

దీని పక్కన పికాసో గీసిన గెర్నికా పెట్టి చూడండి. 1937 ఏప్రిల్ 26న జర్మనీ, ఇటలీ విమానాలు స్పెయిన్‌లోని ఆ చిన్న పట్నాన్ని కాల్చేశాయి. పికాసో అప్పుడు పారిస్‌లో ఉన్నాడు, వార్తల ద్వారానే తెలుసుకున్నాడు. ఆ సంగతి నేను దాచను. కాని దాదాపు 25 అడుగుల పొడవున్న ఆ చిత్రంలో విమానం లేదు, బాంబు లేదు, శత్రువు లేడు. చచ్చిన బిడ్డను ఒడిలో వేసుకుని తల పైకెత్తి ఏడుస్తున్న తల్లి, మంటల్లో చేతులు చాచిన మనిషి, కూలిపోతున్న గుర్రం, విరిగిన కత్తితో నేలపడ్డ యోధుడు. పైనుంచి తీసిన ఏ ఫోటోకూ అందని చోటు అది: బాంబు పడిన ఇంటి లోపల. ఆ చిత్రాన్ని గీయించిన స్పెయిన్ గణతంత్ర ప్రభుత్వం 1939లో ఓడిపోయింది. చిత్రం 1981 దాకా స్పెయిన్‌కు చేరలేదు. ఓడినవాడి చిత్రమే ఈనాడు లోకమంతా ఎరుగును.

కెమెరా చేయలేని పనికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం హిరోషిమా. 1945 ఆగస్టు 6న ఆ నగరంలో ఉన్న పత్రికా ఫోటోగ్రాఫర్ యోషితో మత్సుషిగె చేతిలో కెమెరా ఉంది, ఫిల్ము ఉంది. గంటల తరబడి తిరిగి ఆయన తీయగలిగినవి ఐదు ఫోటోలు. కాలిన మనుషుల ముఖాలకు ఎదురుగా మీట నొక్కడానికి చెయ్యి రాలేదని తరవాత చెప్పాడు. దాదాపు 30 ఏళ్ళు గడిచాక, 1974లో, జపాను ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఆ రోజు చూసినది గీసి పంపమని బతికి బయటపడినవారిని అడిగింది. ముసలివాళ్ళు, బొమ్మలు గీయడం ఎన్నడూ నేర్చుకోనివాళ్ళు, పెన్సిళ్ళతో, క్రేయాన్లతో గీశారు. రెండు వేలకు పైగా బొమ్మలు వచ్చాయి. నీళ్ళ తొట్టిలో పోగైన శవాలు, నదిలో కొట్టుకుపోతున్న పిల్లలు. చాలామంది బొమ్మ పక్కనే ఎక్కడ, ఏ వేళలో చూశారో రాసి పెట్టారు. వాటిలో చెయ్యి వంకర ఉండవచ్చు, తల పెద్దదై ఉండవచ్చు. చిత్రకళ నేర్పేవాడిగా చెబుతున్నాను, వాటిలో దిద్దాల్సిన గీత నాకు ఒక్కటీ కనబడలేదు. కెమెరా ఉన్నచోట కూడా సాక్ష్యం చివరికి చేతి నుంచే రావలసి వచ్చింది. ఈ ఒక్క విషయం తెలిసినవారు ఆ పోస్టును ముందుకు పంపరని నా నమ్మకం.

మనకు యుద్ధాన్ని చూపించే కళ లేదనడం అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది. రామరావణ యుద్ధం, కురుక్షేత్రం మన తోలుబొమ్మల్లో, కలంకారీలో, గుడి గోడల మీద నిండుగా ఉన్న మాట నిజమే. కాని తెలుగునేల మీద వీరగల్లులు ఎన్ని లేవు! పశువుల మందను కాపాడుతూనో, ఊరికి అడ్డుపడో చచ్చిపోయిన మనిషికి ఊరివాళ్ళు నిలిపిన రాయి అది. చాలావాటిలో కింద పోరు, నడుమ అప్సరసలు వీరుణ్ణి పైకి తీసుకెళ్ళడం, పైన దైవసన్నిధి. రాజు కాదు, చనిపోయినవాడే అక్కడ కథానాయకుడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు కూడా చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపినవే. సాంచీ దక్షిణ తోరణం మీద శాతవాహన రాజు శాతకర్ణి శిల్పులకు పెద్ద అయిన ఆనందుడి పేరు చెక్కి ఉంది. ఆ తోరణం మీదే బుద్ధుడి ధాతువుల (అస్థికల) కోసం రాజులు కుశీనగరాన్ని ముట్టడించిన దృశ్యం ఉంది. యుద్ధం ముగిసేది ఎవరి గెలుపుతోనో కాదు, ధాతువులను పంచుకుని ఏనుగుల మీద ఎవరి దారిన వారు వెళ్ళడంతో.

దగ్గరి కాలానికి వస్తే చిత్రకారులు చిత్తప్రసాద్, జైనుల్ అబెదిన్ 1943 బెంగాల్ కరువును గీశారు. అది యుద్ధకాలపు కరువు, తుపాకీ గుండు తగలకుండానే లక్షల ప్రాణాలు తీసిన యుద్ధం. సోమనాథ్ హోర్ 1970లలో ‘గాయాలు’ అనే వరుస చేశాడు. తెల్లని కాగితపు గుజ్జు మీద తెల్లని కోతలు, చీలికలు, అంతే. మనిషి బొమ్మ లేదు, రక్తపు రంగు లేదు. చర్మం మీద వేలు పెట్టినట్టు ఉంటుంది. యుద్ధం గీయడమంటే గుర్రాలు, ఫిరంగులు గీయడమే అనుకునే పిల్లలకు నేను మొదట చూపించేది ఇదే.

ఇంకొకటి, మన కళ్ళ ముందే ఉన్నా ఎవరూ కళగా లెక్కపెట్టనిది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి సైన్యంలో చేరే పిల్లలు చాలామంది. వీరమరణం పొందినవారికి ఊరి మొదట్లో సిమెంటు విగ్రహం లేస్తుంది. కుటుంబం, స్నేహితులు, ఊరివాళ్ళు తలా కొంత వేసుకుని చేయించినది. ఏటా వర్ధంతికి తల్లి వచ్చి దండ వేస్తుంది. ఇవి మన యుద్ధ శిల్పాలు. అయితే ఒక కోరిక నన్ను వదలదు. చాలా విగ్రహాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి: అదే ఆకుపచ్చ దుస్తులు, అదే తుపాకీ, అదే నిటారు నడుము. ముఖం మాత్రం ఆ పిల్లవాడిది కాదు. జర్మనీ శిల్పి కేథే కోల్విట్స్ కొడుకు పీటర్ 1914లో బెల్జియంలో చనిపోయాడు. ఆమె ఏళ్ళ తరబడి పనిచేసి 1932లో అక్కడి సైనిక శ్మశానంలో రెండు విగ్రహాలు నిలిపింది. కొడుకు లేడు. మోకరిల్లిన తండ్రి, తల వంచుకున్న తల్లి, తమ సొంత పోలికలతో. మన శిల్పులు ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని పిల్లవాడి పోలికలు అడిగి చేస్తే ఎంత బాగుంటుంది!

ఏ బొమ్మా ఏ యుద్ధాన్నీ ఆపలేదు. ఒప్పుకుంటాను. ఫోటో, వీడియో కూడా ఆపలేదు కదా. ఆపలేనిదానికి పాలకులు ఎందుకు భయపడ్డారో కూడా చెప్పాలి మరి. చిత్తప్రసాద్ కరువు చిత్రాల పుస్తకం ప్రతులను బ్రిటిషు ప్రభుత్వం స్వాధీనం చేసుకుని నాశనం చేసింది. నాజీలు అధికారంలోకి వచ్చిన 1933లోనే ఒట్టో డిక్స్‌ను అధ్యాపక పదవి నుంచి తీసేశారు. 2003 ఫిబ్రవరిలో ఇరాక్ మీద యుద్ధం కావాలని అమెరికా మంత్రి ఐక్యరాజ్యసమితిలో వాదించడానికి వచ్చిన రోజు, అక్కడి గోడ మీదున్న గెర్నికా చిత్రాన్ని దారాలతో నేసిన ప్రతికి నీలిరంగు తెర కప్పారు.

చివరిగా పిల్లల విషయం. నేను అన్నీ అందరికీ చూపించను. గోయా పలకల్లో ముక్కలైన శరీరాలున్నవి హైస్కూలు పిల్లలకు చూపించకూడదనే నా అభిప్రాయం. హిరోషిమా బొమ్మల్లోనూ ఏరుకోవాలి. ఆరు, ఏడు తరగతులకు ధౌలి ఏనుగు, వీరగల్లు, బొబ్బిలి స్తంభం సరిపోతాయి. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా వెస్ట్ చిత్రాన్ని, సికందర్ బాగ్ ఫోటోను పక్కపక్కన పెట్టి, దీన్ని ఎవరు చేయించారు, ఎవరు పెద్దగా ఉన్నారు, ఎవరికి ముఖం లేదు అని అడుగుతాను. గంట చాలదు, రెండు పీరియడ్లు పడుతుంది. ఆ పోస్టు పంచిన తల్లిదండ్రులు పాఠం జరిగే రోజు వచ్చి వెనక బల్ల మీద కూర్చుంటానంటే బడి అనుమతి నేనే అడుగుతాను.